భూగోళం చదివి ఏం చేస్తుంది?

శాస్త్రీయ దృక్పథం అనగానే మన మిత్రులకు భౌతికశాస్త్రం గుర్తుకొస్తుంది, డార్విన్ గుర్తుకొస్తాడు, గ్రహణాల రోజున కాస్త ఖగోళం గుర్తుకొస్తుంది. భూగోళం మాత్రం ఎవరికీ గుర్తురాదు. పదో తరగతి దాకా సాంఘికశాస్త్రంలో ఒక ముక్కగా దాన్ని మోస్తాం, పరీక్షలో మ్యాపు మీద నాలుగు నదులు గీసి మార్కులు తెచ్చుకుంటాం, ఇంటర్‌లో చేరగానే వదిలించుకుంటాం. మన రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియెట్‌లో అది ఐచ్ఛికాల జాబితాలో ఉంది. ఉంటే ఏం లాభం? ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ అని రంగురంగుల బోర్డులు పెట్టుకున్న కాలేజీలు ఎన్నో చూశాను. భూగోళం ఉన్న గ్రూపు పేరు రాసిన బోర్డు ఇంతవరకు నా కంటపడలేదు.

ఇది హేతువాదులు పట్టించుకోవలసిన విషయమని నాకు ఖటోదరాలో అనిపించింది. ఖటోదరా సూరత్ నగరంలో ఉధ్నా దర్వాజా వైపున్న ప్రాంతం. అక్కడొక పారిశ్రామిక వాడ ఉంది. సూరత్‌లో మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా తెలంగాణ చేనేత జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు, పెద్ద సంఖ్యలో ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే భాషల్లో తెలుగు కూడా ఒకటి. ఆ మధ్య ఒక పెళ్ళికి వెళ్ళి, సాంచెల మీద పనిచేసే మిత్రుడొకాయన ఇంట్లో రెండ్రోజులు ఉన్నాను. వాళ్ళమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. పదకొండులో ఆర్ట్స్ తీసుకుని భూగోళం చదువుతానంటోంది. ఇంట్లో అదే గొడవ.

"నువ్వన్న జెప్పు అన్నా. భూగోళం సదివి ఏం జేస్తది? గ్లోబు దిప్పుకుంట కూసుంటదా?" అన్నాడాయన.

అప్పటికే ఆయన ఒక జ్యోతిష్కుడికి అమ్మాయి జాతకం చూపించి వచ్చాడు. బుధుడు బలంగా ఉన్నాడు, కామర్సులో చేర్చండి అన్నాడట సిద్ధాంతిగారు. ఆ సలహాకు అయిదువందల ఒక్క రూపాయి. నిజానికి పక్కింటి ట్యూషన్ మాస్టారు కూడా కామర్సే అన్నాడు. ఆయన బుధుణ్ణి అడగలేదు, ఉద్యోగాలెక్కడున్నాయో చూసి చెప్పాడు. ఆ మాటతో వాదించవచ్చు. బుధుడితో ఏం వాదిస్తాం?

మాటల్లో 2006 వరద సంగతి వచ్చింది. అప్పుడు వాళ్ళు వేడ్ రోడ్డులో అద్దెకుండేవారట. అది తాపీ నదికి దగ్గర. "తాపీ మాతకు కోపమొచ్చింది పెద్దనాయనా, అందుకే ఊరు మునిగిందని మా నానమ్మ అంటది" అంది అమ్మాయి నవ్వుతూ. తాపీ అంటే మన పురాణాల్లోని తపతి, సూర్యుడి కూతురు. ఆషాఢ శుద్ధ సప్తమి ఆమె పుట్టినరోజని సూరత్‌లో నదికి చీర సమర్పిస్తారు. నానమ్మను నేనేమీ అనను. ఆమెకు భూగోళం ఎవరు చెప్పారు గనక! పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు, అధికారులు జలాశయం నిండగానే కొబ్బరికాయ, పసుపు కుంకుమ పట్టుకుని గట్టు మీదికి వెళ్ళడం మన కృష్ణా గోదావరుల మీద మాత్రం తక్కువా?

ఆ వరదనే భూగోళం విద్యార్థి ఎలా చూస్తుందో చూద్దాం. తాపీ మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, సూరత్ దాటి అరేబియా సముద్రంలో కలుస్తుంది. మన నదులు తూర్పుకు పోతే ఇదీ, నర్మదా పడమటికి పోతాయి. దాని పరీవాహక ప్రాంతం 65,145 చదరపు కిలోమీటర్లు. అందులో మహారాష్ట్రది 51,504, మధ్యప్రదేశ్‌ది 9,804. గుజరాత్ వాటా 3,837 మాత్రమే, అంటే నూటికి ఆరు. సూరత్‌ను ముంచే వానలో ఎక్కువ భాగం సూరత్‌లో కురవదు, గుజరాత్‌లోనే కురవదు. ఊళ్ళో ఎండ కాస్తుండగా వరద రావచ్చు. నానమ్మకు అది మాయలా కనిపించడంలో వింతేముంది? మ్యాపు చూసినవాళ్ళకు మాత్రం కనిపించదు.

ఇప్పుడు చిన్న గుణకారం. ఆ మొత్తం ప్రాంతం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 65 కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళు. మనవాళ్ళకు బాగా అలవాటైన లెక్కలో 23 టీఎంసీలు. అందులో కొంత నేల తాగుతుంది, కొంత ఆవిరవుతుంది. నేల అప్పటికే తడిసి ఉంటే తాగేది తక్కువ. 2006 ఆగస్టు మొదటివారంలో ఎగువన కురిసింది ఒక్క సెంటీమీటరు కాదు. ఆ నీళ్ళన్నీ సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఉకాయి జలాశయానికి చేరాయి. 1972లో పూర్తయిన డ్యాం అది, పూర్తి నీటిమట్టం 345 అడుగులు. ఏ జలాశయాన్నయినా ఇద్దరు యజమానులు చెరోవైపు లాగుతుంటారు. వరద ఆపాలంటే ఖాళీగా ఉంచాలి. సాగుకూ కరెంటుకూ కావాలంటే నింపి ఉంచాలి. వానాకాలం సగంలో ఎంత నింపవచ్చో చెప్పే నియమాలుంటాయి. ఆ ఏడాది నీళ్ళు ముందే కొంచెం కొంచెంగా వదిలి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని విమర్శకులు అన్నారు, అంత వాన ఎవరూ ఊహించలేదని అధికారులు అన్నారు. ఏమైతేనేం, చివరికి ఒకేసారి సుమారు 9 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. రోజంతా అదే వేగంతో పారితే 78 టీఎంసీలు. నగరం మధ్యలో నది ఇబ్బంది లేకుండా మోయగలిగిన దానికి ఇది రెట్టింపు. నదికి చోటు చాలకపోవడానికి కారణం మనుషులే, వరద మైదానంలో కాలనీలు కట్టుకున్నారు. డ్యాం లేని 1968లో ఇంతకంటే పెద్ద వరదే వచ్చింది కనుక తప్పంతా డ్యాందే అనడమూ కుదరదు.

అసలు తమాషా ఇంకొకటుంది. 2006 ఆగస్టు 9 రాఖీ పౌర్ణమి. నగరంలోకి నీళ్ళు వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇది వింటే జ్యోతిష్కులు ఎగిరి గంతేస్తారు. వాళ్ళ సంతోషాన్ని నేను పూర్తిగా కాదనను కూడా. చంద్రుడికి ఆ వరదతో నిజంగానే సంబంధం ఉంది! పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి, రెండింటి ఆకర్షణా కలిసి సముద్రపు పోటు ఎక్కువవుతుంది. ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి సన్నబడుతూ పోతుంది కనుక మనదేశంలో అతి పెద్ద పోట్లు వచ్చే చోట్లలో అదొకటి. భావనగర్ వైపు పోటుకూ పాటుకూ తేడా సుమారు 10 మీటర్లు. పోటు మీదున్న సముద్రం నది నీటిని తొందరగా లోపలికి తీసుకోదు, నది వెనక్కి ఎగదన్నుతుంది. గుజరాతీలో దీన్ని భరతీ-ఓట్ అంటారు, మనం ఆటుపోట్లు అంటాం. అమ్మాయికి భరతీ-ఓట్ తెలుసు, ఆటుపోట్లు తెలియదు. తెలిసినవాళ్ళకు ఆ రోజు ఎన్ని గంటలకు పోటు వస్తుందో ఏడాది ముందే లెక్కగట్టిన పట్టికల్లో దొరుకుతుంది. జాతకం ఏ వీధికి ఎన్ని అడుగుల నీళ్ళు వస్తాయో చెప్పలేదు. నీటిమట్టాల మ్యాపు, పోటు పట్టిక, డ్యాం నుంచి వదిలిన నీటి లెక్క కలిపితే కొన్ని గంటల ముందే దాదాపుగా చెప్పవచ్చు. రెంటిలోనూ చంద్రుడున్నాడు. తేడా ఎక్కడుందో హేతువాదికి వేరే చెప్పనక్కరలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. "ఎందుకు జరిగింది" అని మిగతా శాస్త్రాలు అడుగుతాయి. "ఇక్కడే ఎందుకు, అక్కడ ఎందుకు కాదు" అని అడగడం నేర్పేది భూగోళం. ఆ ప్రశ్నకు తట్టుకోలేని మూఢనమ్మకాలు చాలా ఉన్నాయి. దేవతకు కోపమొస్తే నదికి ఆనుకుని ఉన్న పల్లపు వీధులు మునిగి, ఎత్తు మీది వీధులు ఎందుకు మునగలేదు? అంతకాలం పూజ చేసింది పల్లపు వీధులవాళ్ళే కదా! 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఈ పనే. చనిపోయినవాళ్ళ ఇళ్ళను మ్యాపు మీద గుర్తించాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ మూగాయి. సూక్ష్మజీవి సిద్ధాంతం ఇంకా స్థిరపడని రోజులవి, చెడుగాలే కారణమని పెద్ద పెద్ద వైద్యులు నమ్ముతున్నారు. సూరత్‌కే 1994 సెప్టెంబరులో ప్లేగు భయం పట్టుకుంది. యాభైకి పైగా చావులు. లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు, అందులో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వేడ్ రోడ్డు పేరు దేశమంతా మోగింది. ఆ ఊరు బాగుపడింది హోమాల వల్ల కాదు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు వాడవాడకూ చెత్త, మురుగు, నీళ్ళ లెక్క తీసి పని చేయించారు. ఎక్కడ ఏముంది అన్నదే ఆ పనికి మొదలు.

భూగోళం మీద ఒక ఆరోపణ ఉంది. అది బట్టీ సబ్జెక్టు అంటారు. రాజధానులు, పంటలు, ఖనిజాలు. పదో తరగతి వరకు జరిగేది నిజంగానే అది. కానీ సరిగ్గా చెబితే అసలు భూగోళం మొదలయ్యేది పదకొండులోనే. మ్యాపు గీయడం, కొలతలు, గణాంకాలు, స్థలాకృతి పటం చదవడం, ఊళ్ళోకి వెళ్ళి సర్వే చేయడం, ఇవన్నీ అక్కడే వస్తాయి. తలుపు దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పేయడం మన పద్ధతి.

రెండో ఆరోపణ ఇంకా బలమైనది, అది ఎవరూ చేయరు కనుక నేనే చేస్తాను. భూగోళం కూడా ఒకప్పుడు బూటకాలు మోసింది. వేడి దేశాలవాళ్ళు సోమరులు, చల్లని దేశాలవాళ్ళు నాగరికులు అని అమెరికా భూగోళజ్ఞుడు ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ 1915లో ఒక పుస్తకమే రాశాడు. వలస పాలకులకు అది చాలా ఇష్టమైన సిద్ధాంతం. దాన్ని నియతివాదం అంటారు. నా దృష్టిలో అది మ్యాపు మీద రాసిన తలరాత. దానికి జవాబు కూడా భూగోళజ్ఞులే చెప్పారు. ప్రకృతి కొన్ని అవకాశాలు ఇస్తుంది, ఎంచుకునేది మనిషి అని ఫ్రాన్స్‌లో విడాల్ ద లా బ్లాష్ సంప్రదాయం వాదించింది. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పాఠం మొదలయ్యేదే ఈ చర్చతో. తన తప్పును తానే పాఠంగా పెట్టుకున్న సబ్జెక్టు హేతువాదులకు నచ్చక ఎవరికి నచ్చాలి?

తలరాత మాట వచ్చింది కనుక చెబుతాను. మా మిత్రుడు ఏ సంగతికైనా "మన రాత గట్లుంది అన్నా" అని ముగిస్తాడు. వాళ్ళ తాత నల్గొండ వైపు మగ్గం వదిలి షోలాపూర్ వెళ్ళాడు. తండ్రి భివండికి మారాడు. ఈయన సూరత్ చేరాడు. మూడు తరాలు, మూడు మజిలీలు. వలసలు ఇలా మెట్లు మెట్లుగా జరుగుతాయనీ, దూరం పోయేవాళ్ళు పెద్ద వ్యాపార, పారిశ్రామిక కేంద్రాలకే పోతారనీ రావెన్‌స్టైన్ 1885లోనే రాశాడు. ఆయన చూసింది బ్రిటన్ జనాభా లెక్కలు, మా మిత్రుడి కుటుంబాన్ని కాదు. సూరతే ఎందుకు? పాత రేవు పట్నం, 1613 నుంచి ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి ఉన్న ఊరు. నదిలో ఇసుక మేటలు వేసి, బొంబాయి ఎదిగి రేవు చచ్చిపోయింది. జరీ పని, బట్టల వ్యాపారం బతికాయి. 1860లోనే ఆ వైపు రైలు పడింది. ఆ తర్వాత కృత్రిమ సిల్కు, పాలియెస్టర్, మరమగ్గాలు. ఇటు మన పల్లెల్లో వాన తక్కువ, నూలు ధర ఎక్కువ, మిల్లు బట్టతో పోటీ. ఇందులో బ్రహ్మ రాసింది ఒక్క అక్షరం కూడా లేదు. ఆయన "రాత" అని ఊరుకున్న ప్రతిచోటా ఒక కారణం ఉంది. కారణం ఉన్నచోట కూలి రేటు గురించి, ఇంటి జాగా గురించి అడగడానికి వీలుంటుంది. రాతను ఎవరు అడుగుతారు?

ఇక్కడే నాకు కోపం తెప్పించిన సంగతి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు భారం తగ్గిస్తామని పుస్తకాల్లో కోతలు పెట్టారు. పదో తరగతిలో పరిణామ సిద్ధాంతం తీసేశారని 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. మనమూ గట్టిగానే అరిచాం, అరవవలసిందే. అదే కోతలో పన్నెండో తరగతి భూగోళం, "భారతదేశం: ప్రజలు, ఆర్థిక వ్యవస్థ" పుస్తకం నుంచి మూడు అధ్యాయాలు మొత్తంగా పోయాయి. వలసలు, మానవాభివృద్ధి, వస్తూత్పత్తి పరిశ్రమలు. ఖటోదరాలో మరమగ్గాల మధ్య పెరిగే వలస కార్మికుడి కూతురి జీవితమంతా ఆ మూడు అధ్యాయాల్లోనే ఉంది! గుజరాత్ బోర్డు భూగోళం పుస్తకాలు వేరే అనుకోండి. కానీ దేశం మొత్తానికి నమూనా అనిపించుకునే పుస్తకంలోంచి ఇవి పోతే మనలో ఒక్కరు కూడా ఒక్క ముక్క రాసినట్టు నేను చూడలేదు. డార్విన్‌ను తీసేస్తే మనకు మతం వాసన తగిలింది. వలసలను తీసేస్తే ఏ వాసనా తగల్లేదు. వలస పోయే జనాన్ని గ్రహచారం చేతుల్లో వదిలేయడం మాత్రం తక్కువ నష్టమా?

ఉద్యోగాల మాట దాటవేయను. తండ్రిగా మా మిత్రుడి భయం న్యాయమైనది. ఆర్ట్స్ చదివితే దారి ఇరుకు, ఆడపిల్లకు మరీ ఇరుకు. అయితే సివిల్స్‌కు, గ్రూప్స్‌కు తయారయ్యే ఇంజనీర్లు ఇరవై అయిదేళ్ళ వయసులో కోచింగ్ సెంటర్లకు వేలకు వేలు కట్టి ఆ పదకొండు, పన్నెండు తరగతుల భూగోళమే మొదటినుంచీ చదువుతున్నారు. ఉపగ్రహ చిత్రాలు, జీఐఎస్, పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ లాంటి పనులున్నాయి. ఉన్నాయి అంటున్నాను, వరసగా పిలిచి ఇస్తారనడం లేదు. అమ్మాయికి నేను చెప్పింది కూడా అంతే: గణాంకాలు, కంప్యూటరు వదలకుండా భూగోళం చదువు, వట్టి భూగోళం అయితే కష్టం. తండ్రికి వేరే చెప్పాను. సిద్ధాంతికి ఇచ్చిన అయిదువందల ఒక్క రూపాయితో అమ్మాయికి మంచి అట్లాసు వచ్చేది తమ్ముడూ అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

భూగోళం చదివినంత మాత్రాన ఎవరూ హేతువాది అయిపోరు, అది నాకు తెలుసు. 2009 జూలై 22 పొద్దున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సూరత్ మీదుగానే సాగింది, మూడు నిమిషాలకు పైగా. గ్రహణం బొమ్మ బోర్డు మీద ఏళ్ళ తరబడి గీసిన ఉపాధ్యాయులు ఆ రోజు తలుపులు మూసుకుని దర్భలు వేసుకుని కూర్చోలేదని ఎవరు చెప్పగలరు? మా ఊళ్ళో ప్రతి గ్రహణానికీ చూస్తూనే ఉన్నాను. పాఠం పరీక్ష కోసం, దర్భ ప్రాణం కోసం. తాను స్వయంగా కొలవని విషయం మనిషికి ఎప్పుడూ పుస్తకంలోదిగానే ఉండిపోతుంది.

అందుకే మన సంఘాల కార్యక్రమాల గురించి ఒక సూచన. నాలుక మీద కర్పూరం, మంత్రం లేకుండా మంట, ఇవి ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాం, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. దానికి ఒక వానకొలత జోడించండి. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పున్న సీసా, అదే వెడల్పు మూతి ఉన్న గరాటు, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు చాలు. చెట్టూ గోడా అడ్డం లేని డాబా మీద పెట్టి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మిల్లీమీటర్లు రాయించండి. వాతావరణ శాఖవాళ్ళు కొలిచేదీ ఆ వేళకే కనుక పోల్చుకోవచ్చు. పిల్లల చేత తమ వీధి నుంచి నీళ్ళు ఎటు పోతాయో, ఏ కాలువలో, ఏ వాగులో, ఏ నదిలో కలుస్తాయో కాగితం మీద గీయించండి. సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు పేరు నమోదు చేసుకుంటే ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. పంచాంగంలో ఆ ఏడాది వర్షం ఎన్ని తూములని రాశారో కూడా పక్కన రాసి ఉంచండి, సెప్టెంబరు ఆఖరుకు పోల్చి చూడొచ్చు. సూరత్ మిత్రులకు వానలు జూన్ నడిమికి మొదలవుతాయి, సీసా అంతకు ముందే డాబా ఎక్కాలి.